స్ట్రట్స్ మార్చాం సరే, మరి అలైన్‌మెంటో?

మా పెద్దవాడికి 15 ఏళ్ళు నిండాయి. నార్త్ కేరోలైనాలో పిల్లల్ని పెంచుతున్నవాళ్ళకి ఈ ఒక్క మాట చాలు, మిగతాది చెప్పక్కర్లేదు. లెర్నర్ పర్మిట్ వస్తుంది. మనం పక్క సీట్లోకి మారతాం. కాలికింద లేని బ్రేకుని తొక్కుతూ 60 గంటల డ్రైవింగ్ లాగ్ పూర్తి చేయిస్తాం. అందులో 10 గంటలు చీకటి పడ్డాక! 2024 వేసవిలో మా ఇంట్లో నడిచిన భాగవతం ఇదే.

బండి మా 2014 క్యామ్రీ. న్యూజెర్సీలో కొని, ఉద్యోగం మారినప్పుడు సామాన్లతోపాటు క్యారీకి తెచ్చుకున్నది. లక్షా ముప్పైవేల మైళ్ళు తిరిగాక, స్పీడ్ బంప్ ఎక్కినప్పుడల్లా మంచం కోడు విరిగినట్టు చప్పుడు చేయడం మొదలుపెట్టింది. ఆ ఏడాది మార్చిలో నాలుగు స్ట్రట్సూ మార్పించాను. ఎక్కడ మార్పించానన్నది ఇక్కడ అనవసరం. "అలైన్‌మెంట్ కూడా చేయించాలా?" అని అడిగితే, "పాత బోల్టులు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకునే బిగించాం. తిన్నగానే పోతోంది, అక్కర్లేదు" అన్నాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. అప్పటికే బిల్లు పన్నెండువందలు దాటింది. ఇంకో వంద డాలర్లు మిగిలాయి కదా అని నేనూ లోలోపల సంతోషించాను. అంచేత జరిగినదాంట్లో సగం పాపం నాదే.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్న క్యారీ పార్క్‌వే మీద మావాడు నడుపుతున్నాడు. ఉన్నట్టుండి, "నాన్నా, మనం స్ట్రెయిట్‌గానే వెళ్తున్నాం కదా, మరి స్టీరింగ్ ఎందుకు క్రాస్‌గా ఉంది?" అన్నాడు. చూస్తే నిజమే. మధ్యలో ఉన్న టయోటా గుర్తు ఎడమవైపుకి తల వాల్చి ఉంది. "నువ్వు ముందు రోడ్డు చూడు" అన్నాను. తండ్రులందరం ఇచ్చే జవాబే!

తరవాత ఆలోచిస్తే అర్థమయింది. మూడు నెలలుగా ఆ వంకర స్టీరింగు నా చేతులకి అలవాటైపోయింది. కాలు పొట్టిదైన కుర్చీలో రోజూ కూర్చునేవాడికి ఆ ఒరుగు తెలియదు, ఇంటికొచ్చిన చుట్టం కూర్చోగానే తెలుస్తుంది. మావాడు కొత్తగా చక్రం పట్టినవాడు కాబట్టి వాడి కంటికి వెంటనే ఆనింది. నేను మాత్రం పట్టించుకోలేదు. వసంతంలోనే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా పాసయింది కదా అన్న ధీమా ఒకటి.

ఆగస్టు చివర్లో మా అత్తగారు, మామగారు విజయవాడ నుంచి వచ్చారు. వాళ్ళని ఆర్‌డీయూ ఎయిర్‌పోర్టులో దింపుకుని ఏవియేషన్ పార్క్‌వే మీదుగా వస్తుంటే మన ఊరి సాయంకాలపు వాన పట్టుకుంది. ఎలా కురుస్తుందో మీకూ తెలుసు, పదినిమిషాలే, కానీ కుండపోత. ముందు సిగ్నల్ ఎరుపయింది. నేను మామూలుగానే బ్రేకు వేశాను. పెడల్ కింద ఏబీఎస్ గడగడా కొట్టుకుంది, బండి ముక్కు కొంచెం పక్కకి తిరిగింది, గీత దాటి సగం బండి కూడలిలోకి వెళ్ళాక ఆగింది. అడ్డంగా వచ్చేవాళ్ళు ఇంకా కదలలేదు కాబట్టి సరిపోయింది. ఏడుకొండలవాడే ఎదురొచ్చి ఆపాడంది మా అత్తగారు. చాపెల్ హిల్ రోడ్డు మీద స్వామివారి గుడి అక్కడికి దగ్గరే కాబట్టి నేనూ వాదించలేదు. మామగారు మాత్రం ఏమీ అనలేదు.

ఆయన ఏమీ అనకపోవడమే నాకు భయం వేసింది. ఎందుకంటే ఆయన ఆర్టీసీ డిపో గ్యారేజీలో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి రిటైరయిన మనిషి.

గ్యారేజీలో తాతయ్య

జెట్‌లాగ్ పుణ్యమా అని తెల్లవారుజామున నాలుగింటికే ఆయన లేచారు. నేను కాఫీ కోసం కిందకి వచ్చేసరికి గ్యారేజీలో లైటు వెలుగుతోంది. ఆయన ముందు చక్రం పక్కన పీట వేసుకుని, చేతిలో టార్చితో కూర్చుని ఉన్నారు. "అల్లుడుగారూ, స్టీరింగు ఒకసారి పూర్తిగా కుడివైపు తిప్పండి" అన్నారు. తిప్పాను. ఎడమ చక్రం లోపలి అంచు బయటికొచ్చింది.

టైరు బయటివైపు గాడులు నిక్షేపంలా ఉన్నాయి. లోపలివైపు రెండంగుళాల మేర బోడిగుండు! ఒకచోట రబ్బరు పూర్తిగా పోయి లోపలి తీగలు పైకి తేలుతున్నాయి. "బయట్నించి చూస్తే పెళ్ళికొడుకే" అన్నారు మామగారు. "లోపలి అంచు ఎవరూ చూడరు. మా డిపోలో కొత్తవాళ్ళకి మొదటి పాఠం ఇదే. టైరుని నిలబడి చూడకూడదు, కూర్చుని చూడాలి."

ఆ అంచుతో వాన నీళ్ళని చీల్చుకుని పోవడం టైరుకి సాధ్యం కాదు. గాడులున్నదే నీళ్ళని పక్కకి పంపడానికి. అవి లేనిచోట రబ్బరుకీ రోడ్డుకీ మధ్య నీళ్ళు పల్చటి పొరలా నిలుస్తాయి. నిన్నటి జారుడు అదే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లాగే మన దగ్గరా టైరు గాడి లోతు అంగుళంలో 32కి 2 వంతులు, అంటే అంగుళంలో పదహారో వంతుకన్నా తగ్గకూడదు. పెన్నీ నాణేన్ని తలకిందులుగా గాడిలో పెట్టి, లింకన్ తల పూర్తిగా కనబడుతోందంటే టైరు అయిపోయినట్టే. అయితే ఆ పెన్నీని అందరం బయటి గాడిలోనే పెడతాం. అక్కడే మోసపోతాం.

ఇంతలో మావాడు నిద్ర కళ్ళతో వచ్చాడు. మామగారు వాణ్ణి చెప్పుల్లేకుండా నిలబెట్టారు.

"నీ రెండు పాదాలూ చూసుకో. తిన్నగా పెట్టి నడిస్తే చెప్పు సమంగా అరుగుతుంది. వేళ్ళు బయటికి తిప్పి నడువు, ఏమవుతుంది?"

"లోపలి సైడ్ మీద రుద్దుకుంటుంది. ఓ, టో అంటే ఈ టోనేనా తాతయ్యా?"

"మరి? తెల్లవాడు కాలివేళ్ళు చూసే పెట్టాడు ఆ పేరు."

టో అంటే అంతే. పైనుంచి చూస్తే ముందు చక్రాలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా, లోపలికి మొగ్గాయా, బయటికి విచ్చుకున్నాయా అన్నది. కేంబర్ అంటే ఎదుటినుంచి చూస్తే చక్రం నిటారుగా ఉందా, ఒరిగిందా అన్నది. తాపీ మేస్త్రీ గోడకి గుండు దారం వేలాడదీసి చూస్తాడే, అదీ. మూడోది క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు వాలుగా ఉంటుంది కదా, ఆ వాలు వల్లే మనం చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోతుంది. కారుకీ ఆ వాలు ఉంటుంది. అలైన్‌మెంట్ అన్న పెద్ద మాటలో ఉన్నవి ముఖ్యంగా ఈ మూడు కోణాలే.

మామగారు డిపోలో బస్సు చక్రాలకి పురికొస లాగి చూసేవారట. మా గ్యారేజీలో పురికొస దొరకలేదు. షెల్ఫులు చేయగా మిగిలిన తిన్నటి చెక్క బద్దలు రెండు ఉన్నాయి. చక్రం ఎంత వెడల్పో అంతకి, అంటే సుమారు 26 అంగుళాలకి కోయించి, కోక్ డబ్బాల మీద పెట్టి, చక్రాల బయటివైపు ఆనించారు. మావాడు టేపు పట్టాడు. బద్దల ముందు కొసల మధ్య దూరం, వెనక కొసల మధ్య దూరం. ముందు పావు అంగుళం ఎక్కువ వచ్చింది. చక్రాలు బయటికి విచ్చుకున్నాయన్నమాట.

"పావు అంగుళమేనా?" అన్నాను నేను.

పిల్లలూ, ఇక్కడ మీకో చిన్న లెక్క. పావు అంగుళంలో ఒక్కో చక్రం వాటా అంగుళంలో ఎనిమిదో వంతు. 26 అంగుళాల పొడవున ఎనిమిదో వంతు అంగుళం పక్కకి అంటే, 208 అడుగులు ముందుకి పోతే ఒక అడుగు పక్కకి పోవాలని చూస్తుంది చక్రం. కానీ జోడు చక్రం అటువైపు లాగుతుంటుంది కాబట్టి పోలేదు. పోలేక రోడ్డు మీద రుద్దుకుంటుంది. మైలుకి 5,280 అడుగులు. 208తో భాగిస్తే మైలుకి పాతిక అడుగుల పైచిలుకు. మేం మార్చి నుంచి ఆగస్టు దాకా తిరిగింది దాదాపు 5,000 మైళ్ళు. అంటే ఒక్కో ముందు చక్రం ఆ ఆరు నెలల్లో 24 మైళ్ళు అడ్డంగా జరగాలని పెనుగులాడింది! క్యారీ నుంచి డర్హంకి పక్కవాటుగా ఈడ్చుకుపోయినట్టు. రబ్బరు సాగే గుణం ఉన్నది కాబట్టి ఆ పెనుగులాట అంతా అరుగుదల కాదు, కొంత సాగి సర్దుకుంటుంది. మిగిలింది చాలు, టైరు ప్రాణం తీయడానికి.

స్ట్రట్‌కీ షాక్‌కీ తేడా

ఇంతకీ మేం మార్చింది చక్రాల ఎగురుడు తగ్గించే భాగమే కదా, చక్రాల చూపు ఎందుకు మారింది? నా ప్రశ్న అదే. మీలో చాలామంది ప్రశ్న కూడా అదే అయ్యుంటుంది, ఎందుకంటే శనివారం పిల్లల్ని మ్యూజిక్ క్లాసులో దింపి పార్కింగ్ లాట్‌లో కూర్చునే నాన్నల మధ్య దీనిమీద జరగని వాదన లేదు. "సస్పెన్షన్ ముట్టుకుంటే అలైన్‌మెంట్ తప్పదు" అని ఒకరు, "అదంతా షాపువాళ్ళ వ్యాపారం" అని ఇంకొకరు. ఇద్దరూ సగం సగం నిజం చెబుతున్నారు.

మామగారు చెప్పిన కిటుకు ఇది: మార్చిన భాగం చక్రం ఎటు చూడాలో చెప్పేదా, ఎంత ఎగరాలో చెప్పేదా? చూపుకి సంబంధించిందయితే అలైన్‌మెంట్ కావాలి. ఎగరడానికి మాత్రమే సంబంధించిందయితే అక్కర్లేదు.

చిక్కల్లా స్ట్రట్‌తోనే. అది రెండు పనులూ చేస్తుంది. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 1940లలో ఆలోచించిన ఏర్పాటు ఇది. ఆయన షాక్ అబ్జార్బరునీ స్ప్రింగునీ ఒకే గొట్టంగా కలిపి, చక్రాన్ని పైనుంచి పట్టుకునే పని కూడా ఆ గొట్టానికే అప్పగించాడు. భాగాలు తగ్గాయి, చోటు మిగిలింది, ఖర్చు తగ్గింది. ఇవాళ మన క్యామ్రీలు, కరోలాల ముందు భాగంలో ఉన్నది అదే. స్ట్రట్ కింది కొసని చక్రం మోసే దిమ్మకి చాలా కార్లలో రెండు బోల్టులతో బిగిస్తారు. ఆ బోల్టు రంధ్రాల్లో వెంట్రుకవాసి సందు ఉంటుంది. బిగించేటప్పుడు చక్రం ఆ సందులో లోపలికి ఒరిగిందో బయటికి ఒరిగిందో, కేంబర్ ఆ మేరకు మారిపోతుంది. దిమ్మ ఒరిగితే దానికి తగిలించిన టై రాడ్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది, దాంతో టో కూడా మారుతుంది. కొత్త స్ప్రింగు పాతదానికన్నా బండిని కాస్త ఎత్తులో నిలబెట్టిందా, మళ్ళీ కోణాలు మారతాయి. పాత బోల్టు చోటు పెయింటుతో గుర్తుపెట్టుకోవడం మంచి పనివాడి లక్షణమే. కానీ పాత స్ట్రట్ మీద పెట్టిన గుర్తు కొత్త స్ట్రట్‌కి ఎలా వర్తిస్తుంది? ఇది నేను మార్చిలో అడగాల్సిన ప్రశ్న.

అదే హోండా అకార్డ్ అయితే 1990 నుంచి 2012 మోడల్ దాకా ముందువైపు డబుల్ విష్‌బోన్ ఏర్పాటు. చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పట్టుకుంటాయి. షాక్, స్ప్రింగు మధ్యలో ఎగురుడు చూసుకుంటాయి. వాటిని మార్చినా బండి అదే ఎత్తులో నిలబడితే కోణాలు పెద్దగా చెదరవు. 2013 నుంచి అకార్డ్ కూడా స్ట్రట్‌లోకి మారింది. కాబట్టి "మా తమ్ముడి అకార్డ్‌కి ఏమీ చేయించలేదు, బాగానే ఉంది" అన్న సాక్ష్యం ఏ సంవత్సరపు అకార్డో తెలిస్తేగాని చెల్లదు. 2004 నుంచి 2020 దాకా వచ్చిన సియెన్నా వ్యాన్ల వెనకవైపు మరీ సుఖం. వెనక చక్రాలు రెండూ ఒకే దూలానికి కట్టి ఉంటాయి, మన ఎడ్లబండి ఇరుసులాగా. షాకులు విడిగా నిలబడి ఉంటాయి. వాటిని మార్చినందుకు అలైన్‌మెంట్ అంటే ఎందుకని అడగండి.

ఇక మిగిలిన భాగాల సంగతి. టై రాడ్లు, లోపలివైనా బయటివైనా, మారిస్తే మారు మాట్లాడకుండా అలైన్‌మెంట్ చేయించాల్సిందే. అవి పూర్తిగా చూపుకి సంబంధించినవి, ఒక్క మర తిరిగినా టో మారుతుంది. స్టీరింగ్ రాక్ మార్చినా అంతే. లోయర్ కంట్రోల్ ఆర్మ్, బాల్ జాయింట్, స్ప్రింగులు మార్చినప్పుడూ, ఇంజను కిందున్న సబ్‌ఫ్రేమ్ దించి మళ్ళీ ఎక్కించినప్పుడూ చూపించుకోవడమే మంచిది. స్వే బార్ లింకులు, వాటి రబ్బరు బుష్షులు, బ్రేకు ప్యాడ్లు, రోటర్లు మార్చినప్పుడు అక్కర్లేదు. వీల్ బేరింగు సంగతి కొంచెం తిరకాసు. స్ట్రట్ బోల్టులు విప్పకుండా మార్చగలిగితే అక్కర్లేదు, విప్పితే కావాలి. "ఏ బోల్టులు విప్పారు?" అని అడగడానికి మొహమాటం దేనికి?

కాగితం మీద నిజం

ఆ రోజే నాలుగు టైర్లూ కొని, అలైన్‌మెంట్ కోసం వేరే షాపుకి వెళ్ళాం. లాగ్‌లో ఇంకో నలభై నిమిషాలు కలుస్తాయని మావాడు తను నడుపుతానన్నాడు. తీగలు తేలిన టైర్లతోనా అని ఇంటిల్లిపాదీ ఒకేసారి కేకలేశాం. చివరికి నేనే, ఊళ్ళో చిన్న వీధులగుండా మెల్లిగా తీసుకెళ్ళాను.

బయల్దేరే ముందు మామగారు డిక్కీ తెరిపించారు. అందులో 20 పౌండ్ల సోనా మసూరీ బస్తాలు మూడు, పిక్నిక్ కుర్చీలు నాలుగు, ఎప్పుడో గుళ్ళో అన్నదానానికి తీసుకెళ్ళిన పెద్ద గిన్నె! బండి మామూలుగా నిలబడే ఎత్తులో కొలవాలి కాబట్టి ఇవన్నీ దించమన్నారు. టైర్లలో గాలి కూడా సరిచూడాలన్నారు. మా ఆవిడ ఆ గిన్నె కోసం ఏప్రిల్ నుంచి వెతుకుతోందన్న సంగతి అప్పుడు బయటపడింది. అది వేరే వ్యాసం.

షాపులో పెద్దాయన నాలుగు చక్రాలకీ అద్దాల్లాంటి పలకలు తగిలించాడు. ఎదురుగా స్తంభం మీది కెమెరాలు వాటిని చూసి నిమిషాల్లో కోణాలు చెప్పాయి. మామగారు చేతులు వెనక్కి కట్టుకుని తెర వంక చాలాసేపు చూశారు. "ఇదీ పురికొసే బాబూ, వెలుతురుతో లాగారు" అన్నారు. తెర మీద ఎరుపు అంకెలు. ఎడమ ముందు చక్రం కేంబర్ మైనస్ 1.7 డిగ్రీలు, కుడిది మైనస్ 0.8. రెండు చక్రాల టో కలిపి మైనస్ 0.55 డిగ్రీలు. మావాడు ఫోన్లో లెక్క వేసి, 26 అంగుళాలకి అది సరిగ్గా పావు అంగుళమేనని తాతయ్య చెవిలో చెప్పాడు. కోక్ డబ్బాల మీది చెక్క బద్దలకీ ఆ యంత్రానికీ మాట కలిసింది! ఆ క్షణాన మా మామగారి మొహం మీరు చూడాల్సింది.

పెద్దాయన ముందు ఎడమ స్ట్రట్ బోల్టులు వదులు చేసి, చక్రాన్ని బయటికి నెట్టి మళ్ళీ బిగించాడు. తరవాత టై రాడ్లు. కుడివైపు టై రాడ్ నట్టు తుప్పుతో బిగుసుకుపోయి అరగంట సతాయించింది. న్యూజెర్సీ చలికాలాల్లో రోడ్ల మీద చల్లిన ఉప్పు ఇంకా వదల్లేదన్నమాట. ఉత్తరాది నుంచి బండ్లు తెచ్చుకున్నవాళ్ళు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. ఒక్కోసారి ఆ నట్టు ఊడక టై రాడ్డే మార్చాల్సి వస్తుంది.

మీరూ చేయిస్తే కాగితం తప్పకుండా అడగండి. "ముందు" అంకెలూ "తరవాత" అంకెలూ రెండూ ఉన్న కాగితం. తరవాతవి మాత్రమే ఇస్తే సగం కథే. అసలు చెడిందో లేదో ముందు అంకెలే చెబుతాయి. థ్రస్ట్ యాంగిల్ అని ఒకటుంటుంది, అదీ చూడండి. వెనక చక్రాలు కలిసి బండిని ఎటు తోస్తున్నాయో చెప్పేది అదే. అది తప్పితే ముందు చక్రాలు ఎంత సర్దినా బండి పీతలా పక్కవాటుగానే నడుస్తుంది.

కొత్త బండ్లలో ఇంకో పని ఉంది. 2012 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులోనూ జారకుండా కాచే స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. స్టీరింగు ఎటు తిరిగి ఉందో దానికి ఒక సెన్సర్ చెబుతుంది. అలైన్‌మెంట్ అయ్యాక చాలా బండ్లలో ఆ సెన్సరుకి "ఇదీ తిన్నన" అని మళ్ళీ నేర్పాలి. ముందు అద్దం వెనక కెమెరా ఉండి, గీత దాటితే హెచ్చరించే బండ్లయితే ఆ కెమెరాని కూడా సరిచూడాలని కొన్ని కంపెనీలు చెబుతాయి. మీ బండికి ఏమి కావాలో ముందే అడిగి, ఆ ధర కూడా కనుక్కోండి. అలైన్‌మెంట్ ధరకన్నా అదే ఎక్కువ కావచ్చు.

అలైన్‌మెంట్ తీర్చని జబ్బులు కూడా చెప్పాలి, లేకపోతే షాపువాళ్ళ తరఫున రాశానంటారు. అరవై మైళ్ళ వేగంలో స్టీరింగు వణుకుతుంటే అది ఎక్కువగా వీల్ బ్యాలెన్సింగ్ లోపం. మన ఊళ్ళలో టైరు షాపు బోర్డు మీద రెండు మాటలూ పక్కపక్కన రాసి రాసి, రెండూ ఒకటే అన్న భ్రమ మనకి పట్టింది. బండి కొంచెం కుడివైపుకి జరుగుతోందంటే, నీళ్ళు పోవడానికి రోడ్డునే అటు వాలుగా వేస్తారు కాబట్టి అది రోడ్డు గుణం కావచ్చు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో సమంగా ఉన్నచోట నడిపి చూడండి. అక్కడా లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్పించి చూడండి. ఏకదిశ టైర్లు కాకపోతేనే సుమా. లాగడం కూడా రెండోవైపుకి మారిందంటే దోషం టైరుది.

ఇన్‌స్పెక్షన్ పాసయిందన్న నా ధీమా సంగతి. మన రాష్ట్రంలో ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌లో బ్రేకులు, లైట్లు, హారన్, స్టీరింగ్, టైర్లు, వైపర్లు చూస్తారు. చక్రాల కోణాలు కొలవరు. పైగా నేను చేయించినప్పటికి టైరింకా అరగలేదు.

స్ట్రట్స్ మార్చిన రోజే అలైన్‌మెంట్ కుదరకపోతే కంగారు లేదు. ఇంటికీ ఆఫీసుకీ రెండు మూడు రోజులు తిరిగినందుకు టైరేమీ పాడవదు. ఆ వారాంతం ఐ-40 ఎక్కి విల్మింగ్టన్ బీచికి మాత్రం బయల్దేరకండి. మధ్యమధ్య ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పి లోపలి అంచుని ఫోనుతో ఫొటో తీసుకోండి. తీగలు తేలలేదని చూసుకున్నాకే అరచేత్తో టైరుని అడ్డంగా నిమరండి. ఒకవైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు పిల్లి వెంట్రుకల్ని ఎదురు దువ్వినట్టు గరుకుగా తగిలితే టో తేడా చేసిందన్నమాట. ఆ పని పిల్లల చేత చేయించండి, పెద్దవాళ్ళ నడుములు వంగవు.

టైర్లకి 720 డాలర్లయింది. మార్చిలో నేను మిగిల్చిన వంద పోను నికరం ఎంతో మా ఆవిడ ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తుచేస్తుంటుంది.

తిరుగు ప్రయాణంలో బండి మావాడే నడిపాడు. మామగారు వెనక సీట్లోంచి ముందుకి వంగి స్టీరింగు మధ్యలో గుర్తు నిటారుగా ఉందో లేదో చూస్తూ కూర్చున్నారు. అలైన్‌మెంట్ కాగితం ఆయన మడిచి జేబులో పెట్టుకున్నారు, డిపోలో పాత మిత్రులకి చూపించాలట. నాకు ఇవ్వమంటే జిరాక్సు తీసుకోమన్నారు.